డెస్క్‌టాప్ కొనబోతున్నారా? అందరూ నన్ను అడిగే ప్రశ్నలు, నా జవాబులు

మా చుట్టాల్లో ఎవరు కంప్యూటర్ కొనాలన్నా ముందు నాకే ఫోన్ వస్తుంది. పాతికేళ్లుగా ఇదే వరస. అడిగిందే అడుగుతున్నారు, చెప్పిందే చెబుతున్నాను, ఆ ఓపిక తగ్గి ఇదంతా ఒకచోట రాసి పెడుతున్నాను. నాకు షాపు లేదు, ఎవరి దగ్గరా కమిషన్ లేదు. నాకు తెలిసిన మార్కెట్ సికింద్రాబాద్‌ది, కాబట్టి ఉదాహరణలన్నీ అక్కడివే.

కంప్యూటర్లు బాగా చవకైపోయాయంటారు. మరి కొటేషన్ అడిగితే 40 వేలు అంటున్నారేంటి?

రెండూ నిజమే. 1999లో మా నాన్న కొన్న సిస్టమ్ 45 వేలు. సెలెరాన్ ప్రాసెసర్ (లెక్కలన్నీ చేసే ప్రధాన చిప్), 32 ఎంబీ ర్యామ్ (పని జరుగుతున్నంతసేపు వాడే మెమరీ), 4.3 జీబీ హార్డ్ డిస్క్, టేబుల్ సగం ఆక్రమించే 14 అంగుళాల డబ్బా మానిటర్. 2004లో నా జీతంతో నేను కొన్నది 28 వేలు: పెంటియం 4 ప్రాసెసర్, 256 ఎంబీ ర్యామ్, 80 జీబీ డిస్క్. 2012లో చెల్లెలికి తీసుకున్నది 26 వేలు, అందులో ఐ3 ప్రాసెసర్, 4 జీబీ ర్యామ్, 500 జీబీ డిస్క్ ఉన్నాయి. 2025 వేసవిలో మేనల్లుడికి 38 వేలు పెట్టాం: రైజెన్ 5 ప్రాసెసర్, 16 జీబీ ర్యామ్, 512 జీబీ ఎస్‌ఎస్‌డీ (హార్డ్ డిస్క్ బదులు వాడే వేగమైన రకం), 22 అంగుళాల మానిటర్.

చూశారుగా, బిల్లు మీది అంకె పాతికేళ్లుగా 25 వేలకీ 45 వేలకీ మధ్యే ఊగుతోంది. మారిందల్లా ఆ డబ్బుకి వచ్చే సరుకు. ర్యామ్ ఒక్కటే తీసుకున్నా 32 ఎంబీ నుంచి 16 జీబీకి (1 జీబీ అంటే 1,024 ఎంబీ), అంటే 512 రెట్లు. కంపెనీలకీ ఇదే లాభం, ధర తగ్గించడం కంటే అదే ధరకి ఇంకాస్త ఎక్కువ ఇచ్చి అమ్ముకుంటాయి.

ఇంకో లెక్క మా అమ్మది. 1999లో తులం బంగారం, అంటే 10 గ్రాములు, నాలుగు వేల పైచిలుకు. ఆ 45 వేలతో పది తులాలు వచ్చేవి. "ఆ డబ్బాకి బదులు బంగారం కొనుంటే" అని ఆవిడ ఇప్పటికీ దెప్పుతుంది, అదేమో 2006లో చెత్త బండిలో పోయింది. 2025లో తులం లక్ష దాటింది కాబట్టి మేనల్లుడి సిస్టమ్ నాలుగు గ్రాముల లోపే. ధర పడిపోవడమంటే అసలు అర్థం ఇదీ. రూపాయల్లో చూస్తే కనిపించదు.

మొదట్లో మరీ ఎంత ఉండేవి?

1981 ఆగస్టులో ఐబీఎం తన పర్సనల్ కంప్యూటర్ తెచ్చినప్పుడు తక్కువ మోడల్ 1,565 డాలర్లు. ఆ డబ్బుకి 4.77 మెగాహెర్ట్జ్ ప్రాసెసర్, 16 కేబీ ర్యామ్. కేబీ అంటే ఎంబీలో వెయ్యో వంతు, ఎంబీ కూడా కాదు. ఫ్లాపీ డ్రైవు, మానిటర్ దానికి అదనం.

హార్డ్ డిస్క్ కథ ఇంకా విడ్డూరం. 1980లో సీగేట్ ఎస్‌టీ-506 అని చిన్న కంప్యూటర్ల కోసం ఒక డిస్క్ వచ్చింది. పట్టేది 5 ఎంబీ, ధర 1,500 డాలర్లు. అంటే మన ఫోన్లో ఒక పాట పట్టేంత చోటు. ఎంబీ 300 డాలర్ల లెక్కన మేనల్లుడి 512 జీబీ ఎస్‌ఎస్‌డీకి ధర కడితే 15 కోట్ల డాలర్లు దాటుతుంది. వాడు దాన్ని గేమ్స్‌తో నింపేసి చోటు చాలట్లేదంటున్నాడు.

ఎందుకలా పడిపోయాయి?

అందరూ మూర్ పేరు చెబుతారు. ప్రాసెసర్లు చేసే ఇంటెల్ కంపెనీ స్థాపకుల్లో ఒకరైన గోర్డన్ మూర్ 1965లో చిప్ మీద పట్టే భాగాలు ఏటా రెట్టింపవుతాయన్నాడు, 1975లో దాన్ని రెండేళ్లకోసారి అని సవరించుకున్నాడు. 1971 నాటి ఇంటెల్ 4004లో 2,300 ట్రాన్సిస్టర్లు (చిప్‌లోని బుల్లి స్విచ్చులు) ఉంటే, 2020లో వచ్చిన ఆపిల్ ఎం1లో 1,600 కోట్లు. అదే సిలికాన్ ముక్కలో ఎక్కువ పట్టించగలిగితే ఒక్కోదాని ఖర్చు తగ్గుతుంది, నిజమే.

కానీ ఖర్చు తగ్గినంత మాత్రాన అమ్మేవాడు తగ్గించడు కదా. తగ్గించక తప్పని పరిస్థితి రావాలి. ఐబీఎం తన పీసీని బయట దొరికే విడిభాగాలతోనే కట్టింది, సొంతమని చెప్పుకోదగ్గది బయోస్ (ఆన్ చేయగానే కంప్యూటర్‌ని లేపే ప్రోగ్రామ్) ఒక్కటే. కాంపాక్ కంపెనీ ఆ బయోస్ పనితీరుని చూసి, కాపీ కొట్టకుండా, అలాగే పనిచేసేది సొంతంగా రాసుకుంది. ఆ తర్వాత అచ్చం ఐబీఎం లాంటివే ఎవరు పడితే వాళ్లు తయారు చేశారు. ఇవాళ మీరు ఒక కంపెనీ మదర్‌బోర్డ్‌లో (భాగాలన్నీ తగిలించే పెద్ద బోర్డు) ఇంకో కంపెనీ ర్యామ్ గుచ్చగలుగుతున్నారంటే దాని మొదలు అక్కడుంది.

పోటీ లేకపోతే ఏమవుతుందో నేను కళ్లారా చూశాను. 2009 నుంచి 2017 దాకా ఇంటెల్ మామూలు డెస్క్‌టాప్ ఐ7లో నాలుగు కోర్లే (ప్రాసెసర్‌లో పని పంచుకునే భాగాలు) ఇస్తూ వచ్చింది. 2017 మార్చిలో దాని పోటీ కంపెనీ ఏఎండీ రైజెన్ 7 1700ని ఎనిమిది కోర్లతో 329 డాలర్లకి దించింది. అదే ఏడాది అక్టోబర్‌లో ఇంటెల్‌కి ఆరు కోర్లు ఇవ్వడం వచ్చేసింది! ఎనిమిదేళ్లు కుదరనిది ఏడు నెలల్లో కుదిరింది.

మన దేశానికొస్తే పన్నుల కథ. 1984 నవంబర్‌లో రాజీవ్ గాంధీ ప్రభుత్వం కంప్యూటర్ విధానం మార్చి దిగుమతులు సులువు చేసింది. తర్వాత 1997లో భారత్ ప్రపంచ వాణిజ్య సంస్థ ఐటీ ఒప్పందంలో చేరి, కంప్యూటర్ల మీద కస్టమ్స్ సుంకాన్ని దశలవారీగా సున్నాకి తెస్తానని ఒప్పుకుంది, 2005 నాటికి తెచ్చింది. అదే 2005లో హెచ్‌సీఎల్ 9,990 రూపాయలకి ఒక డెస్క్‌టాప్ అమ్మింది. ఐదంకెల కింద కంప్యూటర్ అని పేపర్లో చూసి మా కాలనీలో అందరూ నోళ్లు వెళ్లబెట్టారు.

ఇంకో ఆరు నెలలు ఆగితే ఇంకా తగ్గుతుందిగా?

ఈ ప్రశ్నకి 2024 దాకా నా జవాబు "తగ్గొచ్చు, కానీ ఆ ఆరు నెలలు మీ పనేం కాను?" అని. ఇప్పుడు అంత ధీమాగా చెప్పను.

2025 చివర్లో ర్యామ్ ధరలు ఒక్కసారిగా ఎగిశాయి. ప్రపంచంలో మెమరీ చిప్పులు చేసేది ముఖ్యంగా ముగ్గురే: శాంసంగ్, ఎస్‌కే హైనిక్స్, మైక్రాన్. కృత్రిమ మేధ సర్వర్లకి కావలసిన ఖరీదైన మెమరీలో లాభం ఎక్కువ కాబట్టి ఫ్యాక్టరీలు అటు తిరిగాయి, మన పీసీల ర్యామ్‌కి కరువొచ్చింది. 2025 డిసెంబర్‌లో మైక్రాన్ అయితే క్రూషియల్ పేరుతో మామూలు జనానికి అమ్మే వ్యాపారాన్నే మూసేస్తున్నట్టు ప్రకటించింది. మేనల్లుడికి వేసవిలో కొనేశాం కాబట్టి బతికిపోయాం, డబ్బు సర్దుబాటు కాక దీపావళి దాటాక కొన్న మా బావమరిది అదే ర్యామ్‌కి రెట్టింపు పైన కట్టాడు.

ఇదేం మొదటిసారి కాదు. 2011లో థాయ్‌లాండ్ వరదల్లో ఫ్యాక్టరీలు మునిగి హార్డ్ డిస్క్ ధరలు దాదాపు రెట్టింపయ్యాయి. క్రిప్టో మైనింగ్ (కంప్యూటర్లతో డిజిటల్ నాణేలు సంపాదించడం) పిచ్చిలో గ్రాఫిక్స్ కార్డులు (తెర మీద బొమ్మలు చూపించే కార్డులు) మాయమయ్యాయి, 2022లో వాటి ధరలు దిగడం మొదలైంది, ఆ సెప్టెంబర్‌లో ఎథీరియం అనే క్రిప్టో కార్డులతో పని లేని పద్ధతికి మారాక ఆ గిరాకీ పోయింది. దీర్ఘకాలంలో ధర పడుతుందనేది నిజం, కానీ మెట్లు దిగినట్టు పడదు, మధ్యలో ఇలా ఎక్కుతుంటుంది.

దీనికి తోడు రూపాయి. 1999లో డాలర్ 43 రూపాయలు, 2025 చివరికి 90. అక్కడ డాలర్లలో తగ్గినదాంట్లో కొంత ఇక్కడికి వచ్చేసరికి ఆవిరైపోతుంది.

పని ఉంటే కొనేయండి. పని లేకపోతే ధర తగ్గినా కొనకండి. ర్యామ్ మండిపోతున్న రోజుల్లో తప్పక కొనాల్సి వస్తే ఒకటే 8 జీబీ స్టిక్ వేయించుకుని రెండో స్లాట్ ఖాళీగా ఉంచండి, దిగొచ్చాక ఇంకోటి గుచ్చుకోవచ్చు. మదర్‌బోర్డ్‌కి కనీసం రెండు స్లాట్లు ఉన్నాయో లేదో మాత్రం చూసుకోండి.

దేని మీద ఎక్కువ పెట్టాలి, దేని మీద పొదుపు చేయొచ్చు?

నా సూత్రం ఒక్కటే. ఏళ్లు గడిచే కొద్దీ ధర పడే వాటిని ఇవాళ్టి అవసరానికి సరిపడా కొనండి, పడని వాటిని మంచివి కొనండి. డిస్క్ చోటు పడేది. 2 టీబీ (సుమారు 2 వేల జీబీ) ఇప్పుడే ఎందుకు, 512 జీబీ నిండినప్పుడు చూసుకుందాం. ప్రాసెసర్ కూడా అంతే, ఇంట్లో పనికి ఐ3, రైజెన్ 5 దాటి వెళ్లక్కర్లేదు.

పడనివి ఏంటంటే రాగి, ఇనుము, బరువు ఉన్నవి. ఎస్‌ఎంపీఎస్ (లోపలి భాగాలకి కరెంటు ఇచ్చే డబ్బా), క్యాబినెట్, యూపీఎస్ (కరెంటు పోతే కాసేపు నడిపే బ్యాటరీ), కీబోర్డ్. వీటికి మూర్ సూత్రం వర్తించదు. మంచి ఎస్‌ఎంపీఎస్, మంచి మానిటర్ రెండు సిస్టమ్‌ల జీవితకాలం వస్తాయి.

ఎస్‌ఎంపీఎస్ గురించి నాకు బాగా తెలియడానికి కారణముంది. 2004 నాటి సిస్టమ్‌కి క్యాబినెట్‌తో పాటు ఉచితంగా వచ్చిన ఎస్‌ఎంపీఎస్సే వాడాను. పైన 450 వాట్లని స్టిక్కర్ ఉంది, చేతిలో పెట్టుకుంటే దూదిలా ఉంది. ఒక మే నెల సాయంత్రం గాలివానకి కరెంటు పోయి వచ్చింది, ఠప్పుమని శబ్దం, కాలిన వాసన. అది పోతూ పోతూ మదర్‌బోర్డ్‌నీ, హార్డ్ డిస్క్‌నీ తీసుకెళ్లింది. అందులో మా అక్క పెళ్లి ఫొటోలున్నాయి. అప్పట్నుంచి ఎవరికి కొటేషన్ రాయించినా ఎస్‌ఎంపీఎస్ కంపెనీ పేరు, మోడల్ విడిగా రాయమంటాను. ఊరికే "క్యాబినెట్ విత్ ఎస్‌ఎంపీఎస్" అని రాస్తే ఒప్పుకోకండి.

ఇన్వర్టర్ ఉంది కదా, యూపీఎస్ దేనికి?

ఇన్వర్టర్‌కి కరెంటు మారడానికి కొన్ని మిల్లీసెకన్లు పడుతుంది, ఫ్యాన్లకీ లైట్లకీ అది పట్టదు, కంప్యూటర్ మాత్రం ఒక్కోసారి రీస్టార్ట్ అవుతుంది. చాలా ఇన్వర్టర్లకి వెనక యూపీఎస్ మోడ్ అని స్విచ్ ఉంటుంది, అది వేసి చూడండి, ఆగకుండా నడిస్తే విడిగా కొనక్కర్లేదు. లేకపోతే 600 వీఏ యూపీఎస్ మామూలు సిస్టమ్‌కి చాలు. అది పనిచేసుకోవడానికి కాదు, సేవ్ చేసి షట్‌డౌన్ చేసుకోవడానికి. లేజర్ ప్రింటర్‌ని దానికి తగిలించకండి. ఇంటికి ఎర్తింగ్ సరిగా ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో ఒకసారి చూపించుకోండి, క్యాబినెట్ ముట్టుకుంటే జివ్వుమంటోందంటే లేదనే.

అసెంబుల్డా, బ్రాండెడా?

ఊళ్లో మంచి సర్వీస్ మనిషి ఉంటే అసెంబుల్డ్ (విడిభాగాలు కొని బిగించుకునేది). లేదా కంప్యూటర్ వాడేది ఒంటరిగా ఉండే అమ్మానాన్నలైతే బ్రాండెడ్ తీసుకోండి, ఏది పాడైనా ఒకే నంబర్‌కి ఫోన్ చేస్తే సరిపోతుంది. అసెంబుల్డ్‌లో ఒక్కో భాగానికి ఒక్కో వారంటీ, ఒక్కో సర్వీస్ సెంటర్.

సికింద్రాబాద్ సీటీసీకి వెళ్లాలా, ఆన్‌లైన్‌లో తీసుకోవాలా?

తెలియనివాళ్లకి: సీటీసీ అంటే ప్యారడైజ్ హోటల్ దగ్గర పార్క్ లేన్‌లో ఉండే చెనాయ్ ట్రేడ్ సెంటర్. కంప్యూటర్ విడిభాగాల షాపులన్నీ ఒకేచోట ఉంటాయి. జిల్లాల నుంచి కూడా వచ్చి కొనుక్కెళ్లేవాళ్లు.

ముందు రోజు రాత్రి ఆన్‌లైన్ ధరలు కాగితం మీద రాసుకోండి. పొద్దున్నే వెళ్లి కనీసం మూడు షాపుల్లో అదే లిస్టుకి కొటేషన్ రాయించండి. మొత్తం కాదు, ఐటమ్ వారీగా. ఒకడు ప్రాసెసర్ మీద తగ్గించి ర్యామ్ మీద లాగుతాడు, ఇంకొకడు తిరగేసి. వాళ్లు ఇంకో మోడల్ "దానికంటే ఇది బెటర్ సార్" అన్నారంటే మీరడిగింది వాళ్ల దగ్గర స్టాక్ లేదని అర్థం.

"బిల్లు వద్దంటే తగ్గిస్తాం" అంటారు. 18 శాతం జీఎస్టీ మిగులుతుందని ఆశ పుడుతుంది, నిజమే. కానీ ఏదైనా పోయిన రోజు సర్వీస్ సెంటర్‌లో మొదట అడిగేది ఆ బిల్లే. సీరియల్ నంబర్లు కూడా బిల్లు మీద రాయించుకోండి. నాకోసారి పేరు చెప్పని ఒక షాపులో ర్యామ్ సీల్ లేకుండా ఇచ్చారు, ఇంటికొచ్చి చూస్తే బిల్లులో రాసిన స్పీడ్ ఒకటి, లోపలున్నది ఇంకొకటి. సీరియల్ నంబర్ లేదు కాబట్టి మాట్లాడ్డానికేం లేకపోయింది. అప్పట్నుంచి బాక్సులు నా ముందే తెరిపిస్తాను, ఫిట్టింగ్ అయ్యేదాకా అక్కడే స్టూల్ మీద కూర్చుంటాను. టైమ్ పాస్ కాకపోతే ప్యారడైజ్ ఎటూ పక్కనే ఉంది, కానీ ఫిట్టింగ్ అయ్యాకే వెళ్లండి!

ఇంటెల్ ప్రాసెసర్ పేరు చివర ఎఫ్ అని ఉంటే రెండు వేలు తక్కువ చెబుతున్నారు. తీసుకోవచ్చా?

గ్రాఫిక్స్ కార్డు విడిగా కొంటుంటేనే. ఎఫ్ అంటే అందులో డిస్‌ప్లే ఇచ్చే గ్రాఫిక్స్ ఉండదు. కార్డు లేకుండా ఆన్ చేస్తే నల్లటి తెర చూస్తూ కూర్చోవాలి. ఏఎండీలో తిరగేసి, పాత 5000 సిరీస్‌లో చివర జీ ఉంటేనే గ్రాఫిక్స్ ఉన్నట్టు. 7000 సిరీస్ నుంచి చాలావాటిలో ఉంటుంది, అక్కడ కూడా ఎఫ్ ఉంటే లేనట్టు.

కంపెనీలు వాడి తీసేసిన సెకండ్ హ్యాండ్ డెస్క్‌టాప్‌లు 10, 12 వేలకి వస్తున్నాయట?

వస్తున్నాయి, వాటిలో మంచివి ఉన్నాయి. డెల్ ఆప్టిప్లెక్స్, హెచ్‌పీ ఎలీట్‌డెస్క్, లెనోవో థింక్‌సెంటర్ లాంటివి ఆఫీసుల కోసం గట్టిగా చేసినవి. పిల్లల చదువుకి, కొట్టు లెక్కలకి బ్రహ్మాండం.

ఒక్క మెలిక ఉంది. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్ట్ ఆపేసింది. విండోస్ 11 అధికారికంగా ఎక్కాలంటే ఇంటెల్‌లో ఎనిమిదో తరం, ఆ పైది కావాలి. అందుకే ఆరు, ఏడో తరం మెషీన్లు కుప్పలుగా చవగ్గా అమ్ముతున్నారు. "ఐ7 సార్, ఐ7" అంటారు, ఏ తరం ఐ7 అని అడగండి. ఐ7 పక్కన ఉండే అంకె ఆరుతోనో ఏడుతోనో మొదలైతే అది లైనక్స్ (విండోస్ బదులు వాడే ఉచిత సిస్టమ్) వాడేవాళ్లకి మాత్రమే పనికొస్తుంది. ఇంకోటి, వీటి క్యాబినెట్ సన్నగా ఉంటుంది, ఎస్‌ఎంపీఎస్ కూడా ఆ కంపెనీదే పట్టాలి, తర్వాత పెద్ద గ్రాఫిక్స్ కార్డు పెడదామంటే కుదరదు.

విండోస్‌కి డబ్బు కట్టాలా? షాపువాళ్లు ఫ్రీగా వేసిస్తామంటున్నారు.

వాళ్లు వేసేది దొంగ కాపీ. దాంతో పాటు ఇంకేం వచ్చిందో మీకూ తెలీదు, వాళ్లకీ తెలీదు. బ్యాంకు పనులు చేసుకునే మెషీన్‌లో అది వద్దు. డబ్బు పెట్టలేకపోతే లైనక్స్ మింట్, ఉబుంటు ఉచితం. తెలుగు ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డ్ వాటిలోనే ఉంటుంది, లిబ్రెఆఫీస్ (వర్డ్, ఎక్సెల్ లాంటిది) ఉచితం. మా నాన్న 72 ఏళ్ల వయసులో మింట్ మీద యూట్యూబ్, ఈపేపర్, రైలు టికెట్లు అన్నీ లాగించేస్తున్నారు, అది విండోస్ కాదని ఆయనకి నేనింకా చెప్పలేదు.

డీటీపీ సెంటర్ పెట్టుకుంటున్నాను, అనూ ఫాంట్లు, పేజ్‌మేకర్ నడిస్తే చాలు. ఎంత పెట్టాలి?

కంప్యూటర్ మీద చాలా తక్కువ, ప్రింటర్ మీద ఎక్కువ. పేజీలు పేర్చే ఆ పేజ్‌మేకర్ చివరి వెర్షన్ 7 వచ్చింది 2001లో, అది అప్పటి మెషీన్ల కోసం రాసింది. పెళ్లికార్డులు, కరపత్రాలకి పైన చెప్పిన వాటిలో విండోస్ 11 ఎక్కే పాత ఆఫీస్ డెస్క్‌టాప్ బోలెడు. అయితే కొనే ముందు మీ పాత ఫైళ్లు పెన్‌డ్రైవ్‌లో పట్టుకెళ్లి ఆ మెషీన్‌లో తెరిచి, అక్షరాలు సరిగా వస్తున్నాయో లేదో ఒక పేజీ ప్రింట్ తీయించి చూడండి.

మా అబ్బాయి అమెరికా నుంచి వస్తున్నాడు, అక్కడ చవకట కదా?

అక్కడి ధరలో సేల్స్ ట్యాక్స్ కలపరు, అది కలిపి ఆ రోజు డాలర్ రేటుతో గుణించండి, తేడా తగ్గిపోతుంది. బ్యాగేజీలో ఒక ల్యాప్‌టాప్‌కి విడిగా సుంకం మినహాయింపు ఉంది గానీ డెస్క్‌టాప్ భాగాలకి అలా లేదు, అవి మామూలు బ్యాగేజీ మినహాయింపు పరిమితిలోనే ఇమడాలి. వారంటీ ఇక్కడ చెల్లుతుందా లేదా అన్నది ఒక్కో కంపెనీది ఒక్కో దారి. క్యాబినెట్, మానిటర్ లాంటివి మోయించకండి పాపం. ప్రాసెసర్ లాంటి చిన్నవైతే ఆలోచించొచ్చు.

ల్యాప్‌టాప్ కొనుక్కోవచ్చుగా?

బయటికి పట్టుకెళ్లే పని ఉంటే కొనుక్కోండి. ఒకే టేబుల్ మీద ఉండేదైతే డెస్క్‌టాప్. అదే డబ్బుకి ఎక్కువ వస్తుంది, ఒక భాగం పోతే ఆ ఒక్కటే మార్చుకోవచ్చు, పైగా మెడ నొప్పి ఉండదు.

కొత్తది కొన్నాక పాతది ఏం చేయాలి?

ఎక్స్‌ఛేంజ్‌లో ఐదొందలో వెయ్యో ఇస్తారు. ఇచ్చే ముందు హార్డ్ డిస్క్ విప్పి మీ దగ్గరే ఉంచుకోండి, ఫార్మాట్ చేశాను కదా అనుకోవద్దు, ఫార్మాట్ చేసిన డిస్క్ నుంచి ఫైళ్లు చాలాసార్లు వెనక్కి తీయొచ్చు. సాటా (డిస్క్ వెనక ఉండే కనెక్టర్) నుంచి యూఎస్‌బీకి మార్చే కేబుల్ కొన్ని వందలకే దొరుకుతుంది, పెద్ద డిస్క్ అయితే పవర్ అడాప్టర్‌తో వచ్చేది తీసుకోండి. దాంతో పాత డిస్క్‌ని కొత్తదానికి తగిలించి ఫొటోలన్నీ ఎక్కించుకోండి, అవి ఇంకోచోట కూడా ఒక కాపీ పెట్టాకే పాత డిస్క్ సంగతి ఆలోచించండి. పాత మానిటర్, కీబోర్డ్, మౌస్ పనిచేస్తుంటే ఇచ్చేయకండి, కొత్త కొటేషన్‌లోంచి ఆ మూడూ కొట్టేయించండి.